ఎడమ పక్క కింది మూల

తెల్లవారితే అందరి ఇళ్ళలో కిటికీల తెరలు తీస్తారు. ఆ ఇంట్లో మాత్రం మానిటర్ తెర విప్పుతారు. నాలుగు స్క్రూలు విప్పి, వెనక డొప్ప ఊడదీసి, లోపలి బోర్డును దీపం కిందకు వంచి, రోగి నాలుక చూసే వైద్యుడిలా తల ఊపుతాడు ఇంటాయన. ముప్పయ్యేళ్ళుగా అదే వైద్యం, అదే తల ఊపడం. తెగినవన్నీ టంకం పెట్టి అతికే మనిషి కనుక వీధి వీధంతా ఆయన్ని టంకం గారనే పిలుస్తుంది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా బతికి లేదు.

ముందు గది కొట్టు, వెనక మూడు గదులూ కాపురం. మధ్య గుమ్మానికి తలుపు లేదు. అందుకని కొట్లోని టంకం పొగ వంటింట్లోకీ, వంటింటి పొగ కొట్లోకీ రాకపోకలు సాగిస్తుంటాయి. ఎవరి పొగ ఎవరిదో ఆ ఇంట్లో తేల్చలేం గానీ, ఎవరి పొగరు ఎవరిదో మాత్రం కాసేపు కూర్చుంటే తెలిసిపోతుంది. కొట్టు గోడల నిండా అరలు, అరల నిండా చచ్చిపోయిన మానిటర్లు. ఒకదాని అద్దం తీసి ఇంకొకదానికి, దాని బోర్డు తీసి మరొకదానికి. పోయినవాళ్ళ అవయవాలతో ఉన్నవాళ్ళను నిలబెట్టే ఆసుపత్రి అది.

ఆ పొద్దున బల్ల మీద బోర్లా పడుకున్న రోగి మాత్రం బయటిది కాదు. ఇల్లాలిదే.

ఆవిడది పేజీల పని. అచ్చాఫీసుకు బడి పుస్తకాల పేజీలు ఇంట్లోనే కంప్యూటర్ మీద పేర్చి, తప్పులు ఏరి పంపిస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఒక్క కామా కూడా ఆవిడ కన్నుగప్పి పోయింది లేదు. కామా మీద అక్షి పెట్టిన అమ్మ కనుక కామాక్షమ్మ అని అచ్చాఫీసు వాళ్ళు పెట్టిన పేరే చివరికి ఇంటా బయటా స్థిరపడింది. పద్నాలుగేళ్ళ నాటి ఆ మానిటర్ ముందు కూర్చునే ఆవిడ కూతుర్ని చదివించుకుంది. టంకం గారికి అది మానిటర్ కాదు, మర్యాద.

ఆ మర్యాద ఇప్పుడు నాలుగోసారి విప్పబడింది.

ఎనిమిది నెలల కిందట మొదటిసారి ఆవిడ వెలుతురు చాలడం లేదంది. ఆయన లోపలి సన్నటి ట్యూబులు మార్చాడు. రెండు నెలలకు ఎడమ పక్క కింద మూల మసకేస్తోందంది. ఉబ్బిన కెపాసిటర్లు రెండు తీసి కొత్తవి పెట్టాడు. ఉబ్బింది కెపాసిటర్ అయితే మార్చుకుంటే సరిపోతుందనీ, మనిషి అయితేనే చిక్కనీ వేళాకోళం కూడా ఆడాడు. మళ్ళీ మసక. ఈసారి అరలోంచి అదే వయసున్న ఇంకో మానిటర్‌ను దించి, దాని తెర మొత్తం తీసి దీనికి పెట్టాడు. పెట్టిన ప్రతిసారీ ఆవిడను పిలిచి కూర్చోబెట్టేవాడు. ఆవిడ చూసి, ఒక్క క్షణం ఆగి, బాగుందండీ అనేది. మళ్ళీ కొన్నాళ్ళకు ఆ మూలే.

నిజానికి ఆ మసక ఆయన కంటికి ఒక్కసారీ కనబడలేదు. కనబడలేదని ఆయన అనుమానించనూ లేదు. పని నేర్పిన గురువు ఆయనకు ఒక్కటే సూత్రం చెప్పాడు. లోపం ఉందని కస్టమర్ అంటే ఉన్నట్టే. నువ్వు ఆ తెరను చూసేది అయిదు నిమిషాలు, అతను చూసేది రోజుకు ఎనిమిది గంటలు. నీకు కనబడకపోతే నీ కన్ను చాలలేదని అర్థం. ఈ సూత్రం మీదే ఆయన ముప్పయ్యేళ్ళు కొట్టు నడిపాడు. వీధిన పోయే కస్టమర్ కంటికే అంత విలువిచ్చిన మనిషి, కామాను పట్టే కంటిని నమ్మకుండా ఎలా ఉంటాడు?

"నేరుగా అటు చూస్తే అక్షరం ఉంటుందండీ" అంది కామాక్షమ్మ ఆ పొద్దున టీ గ్లాసు బల్ల అంచున పెడుతూ. "పేజీ మధ్యలో పని చేసుకుంటుంటే ఆ మూల అలా కరిగిపోతుంది. ఏమైందా అని తిరిగి చూస్తే మళ్ళీ ఉంటుంది."

"వచ్చిపోయే ఫాల్టు" అన్నాడాయన. "అప్పు అడగడానికొచ్చే చుట్టం లాంటిదోయ్. మనం చూస్తే నవ్వుతూ నిలబడుతుంది, తల తిప్పితే చేతివాటం చూపిస్తుంది. పట్టుకుంటాను, ఎక్కడికి పోతుంది."

"మీది మరమ్మతు కాదండీ, మర మత్తు."

ఇద్దరూ నవ్వుకున్నారు. గ్లాసు తీసుకుని వెళ్తూ ఆవిడ ఎడమ భుజం గుమ్మానికి తగిలింది. ఈ మధ్య తగులుతూనే ఉంది. కొట్లో సామాను పెరిగి దారి ఇరుకైందని ఆయన నాలుగు మానిటర్లను పై అరకు ఎక్కించాడు.

ఆ ఇంట్లో మూడో మనిషి కూతురు. పెద్ద ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూసే ఉద్యోగం. బాగోగుల్లో బాగు చేయడం ఉండదు, ఓగని, అంటే పనికిరాదని తేల్చి పంపేయడమే ఉంటుందని తండ్రి వెక్కిరింపు. ఆయనది అతికే చెయ్యి, ఆమెది సంతకం పెట్టే చెయ్యి. అయినా కిందటేడుదాకా ఆ ఇద్దరి మధ్యా ఎకసెక్కాలే తప్ప ఎడమొహాలు లేవు. ఏడాది కిందట ఆమె ఆఫీసులో నలభై మానిటర్లు పాతబడ్డాయి. బాగుచేయించడమా, కొత్తవి తెప్పించడమా అన్నది ఆమె రాసివ్వాలి. తన కొట్టుకే వస్తాయని టంకం గారు అరలు ఖాళీ చేసి, బల్ల తుడిచి, కొత్త ముక్కు వేసిన టంకం కడ్డీ సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. ఒకరోజు పాతసామాన్ల వ్యాపారి వచ్చి, విడిభాగాలకు పనికొస్తాయేమో చూడమని రెండు మానిటర్లు బల్ల మీద పెట్టాడు. వెనక కూతురి ఆఫీసు చీటీ అంటించి ఉంది. కింద కూతురి సంతకం.

తండ్రి కొట్టు కాబట్టి ఇవ్వలేనని, నలుగురూ వేలెత్తి చూపుతారని, పైగా అవి నిజంగానే కాలం చెల్లినవని ఆమె చెప్పుకుంది. కాలం చెల్లింది మానిటర్లకు కాదని, తనకేనని ఆయన అన్నాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో పాత, కొత్త అన్న రెండు మాటలు ఎవరు పలికినా గొడవే. ఆయన ప్రతి గొడవలోనూ భార్య మానిటర్‌ను చూపించేవాడు. పద్నాలుగేళ్ళయింది, అడుగు మీ అమ్మను, ఏమైనా తేడా ఉందా అనేవాడు. కామాక్షమ్మ లేదనేది. అక్షి ఉన్నదే సాక్షి కదా, ఇంతకంటే ఎవరు కావాలనేవాడు. అలా సాక్ష్యం చెప్పీ చెప్పీ, తనకు ఆ మూల కనబడటం లేదని కూతురి ముందు చెప్పుకోవడం ఆవిడకు కష్టమైపోయింది. చెబితే మొగుడు ఓడిపోతాడు, చెప్పకపోతే పేజీ పాడవుతుంది. పేజీ పాడైనా ఇంకోసారి చూసుకోవచ్చు కదా అనుకుంది.

ఆ మధ్యాహ్నం అచ్చాఫీసు ముసలాయన తనే నడిచి వచ్చాడు. ఎప్పుడూ ఫోన్‌తో సరిపెట్టే మనిషి. కుర్చీ అంచున కూర్చుని సంచిలోంచి మూడు కాగితాలు తీశాడు. ఆరో తరగతి సామాన్యశాస్త్రం. ఒక పేజీలో తొమ్మిదో ప్రశ్న లేదు. ఇంకో పేజీలో రెండు వాక్యాల మొదళ్ళు బొమ్మ కిందకు జారిపోయాయి. మూడోదాంట్లో పట్టిక ఎడమ గడి ఖాళీ. మూడింటిలోనూ తప్పులు ఎడమ పక్క, పేజీ అడుగున. ఎవరికైనా పొరపాట్లు సహజమేనని, అయితే ఇది పిల్లలు చదివే పుస్తకమని, ఇంకా యాభై ఎనిమిది పేజీలు మిగిలాయని, రెండు వారాల్లో తప్పు లేకుండా రాకపోతే వేరేవాళ్ళకు ఇవ్వక తప్పదని ఆయన నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఇరవై రెండేళ్ళలో ఆవిడతో అలా మాట్లాడాల్సి రావడం ఆయనకూ మొదటిసారే.

"మానిటర్ బాగోలేదండీ" అంది కామాక్షమ్మ. "మావారు చూస్తున్నారు."

ముసలాయన వెళ్ళిపోయాక ఆవిడ ఆ మూడు కాగితాలనూ కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూసింది. కాగితం మీద మాత్రం ప్రతి తప్పూ కనబడింది, మెడ కాస్త పక్కకు వాల్చి, కాగితాన్ని కుడివైపుకు జరుపుకుంటే. అంత జరుపుకుంటున్నానని ఆవిడకు తెలియదు.

సాయంత్రం కూతురు ఆఫీసునుంచి వచ్చి బల్ల మీది కాగితాలు చూసింది. చెప్పుల పట్టీ ఊడదీస్తూనే విషయమంతా అడిగి తెలుసుకుంది. తండ్రి అప్పటికి మానిటర్‌ను మళ్ళీ మూసి, మళ్ళీ వెలిగించి, మళ్ళీ భార్య చేత బాగుందనిపించుకున్నాడు.

"నాన్నా, రేపు కొత్తది తెస్తున్నాను" అంది.

"దీనికేం వచ్చింది? నాలుగు స్క్రూల పని."

"ఎనిమిది నెలలుగా ఆ నాలుగు స్క్రూలే తిప్పుతున్నావు. అమ్మకు ఉన్న ఒక్క పనీ పోయేలా ఉంది."

"నలభై తీసుకెళ్ళి చెత్తలో పోసిన చేతికి ఇదొకటి లెక్కా? పాతదయితే పాతెయ్యాలి. రేపు నన్ను కూడా రాసిపడెయ్ అమ్మాయ్, చీటీ అంటించి. నాకూ యాభై తొమ్మిది దాటాయి."

"ఎప్పుడూ నీ గురించేనా? నువ్వు గెలవడానికి అమ్మ ఆ డొక్కు తెర ముందు కళ్ళు పొడుచుకోవాలా?"

ఆ మాటకు టంకం గారి చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీదికి జారింది. మాటకు మాట అతికే మనిషికి ఆ ఒక్క మాటకూ టంకం దొరకలేదు. కామాక్షమ్మ గుమ్మంలోకి వచ్చి, ఆ కొత్తదేదో తేనివ్వండి, ఇద్దరూ ఊరుకోండి అంది. భార్య తన పక్షం వదిలేయడం అదే మొదలు. ఆయన కొట్టు తలుపు వేసి, ముందు మెట్ల మీద కూర్చున్నాడు.

మర్నాడు ఆదివారం. పది గంటలకల్లా కొత్త మానిటర్ వచ్చింది. సన్నగా, వెడల్పుగా, అంచులే లేనట్టుంది. కూతురు దాన్ని తల్లి బల్ల మీద నిలబెట్టి, తీగలు కలిపి, సైన్సు పుస్తకం పేజీ ఒకటి తెరిచింది. పాతది నేల మీద గోడకు ఆనించింది. టంకం గారు కొట్లోనే ఉన్నాడు, పనిలో ఉన్నట్టు. చేతిలో పని లేదు. చెవులు మాత్రం గుమ్మం దాటి లోపలే కూర్చున్నాయి.

"ఎలా ఉందమ్మా?"

కామాక్షమ్మ ఒక్క క్షణం ఆగింది.

"బాగుందే" అంది.

ఆ క్షణం ఆయనకు తెలుసు. నాలుగుసార్లు విన్న క్షణం అది. ట్యూబులు మార్చినప్పుడు, కెపాసిటర్లు తీసినప్పుడు, తెర పెట్టినప్పుడు, నిన్న. ప్రతిసారీ ఆ బాగుందికి ముందు అంతే ఖాళీ. దాన్ని తన పనితనానికి విస్తుపోవడం అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆయన లేచి గుమ్మంలోకి వచ్చాడు. కొత్త తెర ముందు భార్య కూర్చుని ఉంది. మెడ ఎడమకు తిప్పి, గడ్డం కిందకు దించి, గింజ కోసం చూసే కోడిలా. పాత తెర ముందు ఎలా కూర్చునేదో అచ్చం అలాగే.

కొట్టుకొచ్చే చెల్లెమ్మలకూ పెద్దమ్మలకూ ఆయన చెప్పే సంగతి ఒకటుంది. లోపం ఎక్కడుందో తెలియకపోతే ఒక వస్తువు మార్చి చూడండి. లోపం వస్తువుతో పోతే వస్తువుది. పోకుండా అక్కడే ఉంటే, మార్చనిదానిది.

లోపలికి వచ్చి, కూతుర్ని పక్కకు జరగమని, తెర మీద తను వాడే పరీక్ష గళ్ళు తెప్పించాడు. తెల్లటి తెర మీద సన్నటి నల్లగీతలు, వల వేసినట్టు. మధ్యలో ఒక చుక్క పెట్టాడు.

"నువ్వు ఈ చుక్కనే చూడవోయ్. చూపు కదపకు. గళ్ళు ఎక్కడ మసకగా ఉన్నాయో వేలితో చూపించు."

ఆవిడ వేలు ఎడమ పక్క కింది మూల మీదికి వెళ్ళింది. చిన్నది కాదు, అరచేయంత మేర గుండ్రంగా గీసింది. కూతురు, కొత్తదానికి కూడా లోపమా, రేపే వాపసు ఇచ్చేస్తానంది. టంకం గారు ఆ మాట విననట్టే మానిటర్‌ను రెండు చేతులా పట్టుకుని ఎత్తి, తలకిందులు చేసి, పుస్తకాల దొంతర మీద ఆనించాడు. ఎడమ కింది మూల ఇప్పుడు కుడి పైకి వెళ్ళింది.

"ఇప్పుడు?"

ఆవిడ వేలు మళ్ళీ ఎడమ పక్క కిందకే వెళ్ళింది.

ఆయన భార్య వెనక్కు వెళ్ళి, తన అరచేత్తో ఆవిడ కుడి కన్ను మూశాడు. ఆవిడ వేలు తెరలో సగం చుట్టి వచ్చింది. చెయ్యి తీసి ఎడమ కన్ను మూశాడు. మసక చిన్నదైంది, పోలేదు. ఎనిమిది నెలల్లో నాలుగుసార్లు విప్పాడు. ఒక్కసారి తలకిందులు చేసి చూసుంటే అయిపోయేది. దారినపోయే దానయ్య మానిటర్‌కైనా మొదట చేసే పరీక్ష అది. ఆవిడ విషయంలో చేయలేదు. ఆవిడ కంటిని పరీక్షించాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు. అంత నమ్మాడు.

"పద" అన్నాడు. "ఏదైనా కళ్ళాసుపత్రి తెరిచుంటుంది."

ఆసుపత్రిలో కామాక్షమ్మను ఒక గదిలోకి తీసుకెళ్ళారు. గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించి, లోపల ఎక్కడ వెలుగు చుక్క మెరిస్తే అప్పుడు బటన్ నొక్కాలి. టంకం గారు బయట బల్ల మీద కూర్చున్నాడు. తలుపు సందులోంచి ఆవిడ నొక్కుతున్న చప్పుడు వినబడుతోంది. టిక్, టిక్. తర్వాత ఏమీ లేదు. మళ్ళీ టిక్. మళ్ళీ చాలాసేపు ఏమీ లేదు. యంత్రం ఆగలేదని ఆయనకు తెలుసు, దాని లోపలి మోటారు మూలుగు వినబడుతూనే ఉంది. ఆ నిశ్శబ్దంలో ఎన్ని చుక్కలు వెలిగి, ఆవిడకు కనబడకుండానే ఆరిపోతున్నాయో ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, పద్నాలుగు దగ్గర ఆపేశాడు.

డాక్టరమ్మ వయసులో కూతురికంటే కొంచెం పెద్దది. కాగితం మీద రెండు గుండ్రాలు చూపించింది. తెల్లగా ఉండాల్సిన చోట నలుపు. దీన్ని నీటికాసులు, ఇంగ్లీషులో గ్లకోమా అంటారని, కంటి లోపల ఒత్తిడి పెరిగి వెనక నరం నలిగిపోతుందని, నొప్పీ మంటా ఏమీ ఉండవు కాబట్టి చాలామందికి చివరిదాకా తెలియదని చెప్పింది. పేరులో నీళ్ళున్నాయి, కాసులున్నాయి. రోగంలో రెండూ లేవు, చూపుని దోచుకుపోవడం తప్ప. ఇది కుటుంబాల్లో పాకే జబ్బు కనుక కూతుర్ని కూడా వచ్చేవారం చూపించుకోమంది.

టంకం గారు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ముప్పయ్యేళ్ళుగా కస్టమర్లు తనను అడిగిన ప్రశ్నే ఆయన నోట వచ్చింది.

"బాగవుతుందా అమ్మా? బాగు కాకపోతే మార్చడానికైనా వీలుందా?"

"నరం కదండీ. మార్చలేం."

"పాతదైనా సరే. నాది తీసి పెట్టండి. నాకు రెండూ బాగానే ఉన్నాయి."

డాక్టరమ్మ ఆయన వంక కాసేపు చూసి, కాగితం మడిచింది. "పోయిన చూపును బాగుచేయలేమండీ. కొత్తది తెచ్చి పెట్టనూ లేం. ఉన్నదాన్ని పోకుండా కాపాడుకోవడమే. రోజూ చుక్కలు వేయాలి, ఒక్క పూట కూడా మానకూడదు."

"ఎప్పుడు రావాల్సింది మేము?"

"మసకగా ఉందని మొదట అనిపించినప్పుడు" అంది ఆమె మెల్లగా.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. ఎవరికీ అన్నం సహించలేదు. కామాలు దిద్దుకుని బతికిన మనిషి కంట్లో కూతురు మొదటి చుక్క వేసింది. వేశాక ఆ సీసా మూత పెట్టడం చేతకాక, దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నేను ఆఫీసులో ఒక్క మనిషి తలనొప్పి అంటే వెలుతురు చూస్తాను, కుర్చీ ఎత్తు చూస్తాను, కళ్ళు చూపించుకోమని చెప్తాను" అంది. "ఇంట్లో నాన్నమీద గెలవడమే చూశాను."

టంకం గారు గోడకు ఆనించిన పాత మానిటర్ పక్కన నేల మీద చతికిలబడ్డాడు. తప్పు కూతురిది కాదని, తనదేనని, మొదటిరోజే తిప్పి చూడాల్సిందని, చూపు పోతుంటే ట్యూబులు మార్చుకుంటూ కూర్చున్న గుడ్డివాడు తనేనని, ఒక్కో మాటా తెగిన తీగల్లా అన్నాడు. కామాక్షమ్మ ఆయన్ని చెప్పుకోనిచ్చింది. తర్వాత అడిగింది.

"మొదటిసారి ట్యూబులు మార్చారు కదా. అప్పుడు నేనేమన్నాను?"

"బాగుందన్నావు."

"ఏమీ బాగవలేదు. అప్పుడూ అలాగే ఉంది. రెండోసారీ అంతే. మూడోసారి ఇంకొంచెం ఎక్కువైంది." ఆవిడ గొంతు గట్టిపడింది. "మీరు ఆ డొప్ప బిగించి, చేతులు తుడుచుకుని, పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా నా మొహంలోకి చూసేవారు. నలభై మానిటర్లు పోయాక మీ మొహంలో నవ్వు ఆ ఒక్క నిమిషమే ఉండేది. లేదని ఎలా చెప్పను? ఇరవై రెండేళ్ళు ఊళ్ళో వాళ్ళందరి తప్పులూ పట్టాను. మీ పనిలో తప్పు పట్టలేకపోయాను."

ఆయన ఏదో అనబోయాడు.

"నన్నింకా చెప్పనివ్వండి" అందావిడ. "నాకు కోపంగా ఉంది. మీ ఇద్దరిమీదా ఉంది. పాతదా కొత్తదా అని నా నెత్తి మీదుగా కొట్టుకున్నారు. దాని ముందు ఒక మనిషి మెడ వాల్చుకుని కూర్చుందని ఒక్కరూ చూడలేదు. నా మీద ఇంకా ఎక్కువ ఉంది. గుమ్మాలు తగులుతున్నా, అడుగు తప్పుతున్నా, మెషీనే బాగోలేదనుకున్నాను. కన్ను పోతోందంటే భయం. మెషీన్ పోతోందంటే మీరున్నారన్న ధైర్యం."

అప్పుడు ఏడిచింది. టంకం గారు లేచి వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు గానీ చెయ్యి ఎక్కడ వేయాలో తెలియలేదు. ఆవిడే ఆయన చొక్కా అంచు పట్టుకుంది. కూతురు సీసాను కిటికీలో పెట్టి, తల్లి మోకాళ్ళ దగ్గర కూర్చుని, తలను ఆ ఒళ్ళో పెట్టుకుంది. కొట్టు తలుపు ఎవరో తట్టి వెళ్ళిపోయారు.

సోమవారం పొద్దున కామాక్షమ్మ అచ్చాఫీసు ముసలాయనకు తనే ఫోన్ చేసింది. లోపం మానిటర్‌ది కాదని, తన కళ్ళదని చెప్పింది. ఈ పుస్తకం పూర్తిచేయనివ్వమని, ఆ తర్వాత పేజీలు ఇక పంపొద్దని అడిగింది. అవతల ముసలాయన, యాభై ఎనిమిది పేజీలూ మీవేనమ్మా, గడువు నేను చూసుకుంటానన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆవిడ బల్లను ఒకసారి అరచేత్తో నిమిరింది, ఇరవై రెండేళ్ళ పొడవునా.

కూతురు ఆఫీసుకు సెలవు పెట్టి, కొత్త తెర మీద అక్షరాలు పెద్దవి చేసి, వెలుతురు కళ్ళల్లో పడకుండా తిప్పి పెట్టింది. టంకం గారు కొట్లోంచి తన పొట్టి స్టూలు తెచ్చుకున్నాడు. దాన్ని ఆవిడ కుర్చీకి ఎడమ పక్కన, కాస్త వెనక్కి వేసుకుని, తెర అడుగు భాగం తన కళ్ళకు సూటిగా వచ్చేలా వంగి కూర్చున్నాడు. ఆ పూట కొట్టు తెరవలేదు.

పేజీ వచ్చింది. ఆవిడ పైనుంచి చదువుకుంటూ వస్తోంది. సగం దాటాక గొంతు తడబడింది. ఎడమ చెయ్యి గాల్లోకి చాచి వెతికింది.

"ఏమండీ, ఉన్నారా?"

"ఉన్నాను."

"నాకు కనబడటం లేదు."

"తెలుసోయ్. కనబడని చోటు చూసుకునే కూర్చున్నాను." ఆయన ఆ చేతిని పట్టుకుని తన భుజం మీద పెట్టుకున్నాడు. "నువ్వు అటునుంచి చదువుకుంటూ రా. ఈ మూల నాది. దీన్ని నేను చూస్తాను."

ఆయన వేలు పెట్టి, అడుగు వరస మొదటి మాట కూడబలుక్కుని చదివాడు. తప్పు చదివాడు. ఆవిడ దిద్దింది. ఆయన మళ్ళీ చదివాడు, ఈసారి సరిగ్గా, కళ్ళు తుడుచుకుంటూ. ఆవిడ చెయ్యి ఆయన భుజం మీదే ఉంది. రెండో వరసకు వెళ్ళమని ఒక వేలితో మెల్లగా తట్టింది.